పాదం ఈడుస్తోందా? తప్పు చీలమండది కాకపోవచ్చు



కొంతకాలం క్రితం ఉదయగిరి వైపు నుండి ఒక పెద్దాయనను ఆటోలో మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. కుడి చీలమండకు గట్టిగా కట్టు కట్టి ఉంది. "సిస్టరమ్మా, నాలుగు రోజుల కిందట మెట్టు దిగుతుంటే కాలు బెణికింది. నూనె రాశాం, కట్టు కట్టించాం, తగ్గలేదు" అన్నాడు కొడుకు. కట్టు విప్పి చూశాను. వాపు లేదు, నొక్కితే నొప్పి లేదు. బొటనవేలు మాత్రం నేలకు రాసుకుని గీసుకుపోయింది. "అయ్యా, మడమ నేల మీద ఉంచి పాదం పైకెత్తండి" అంటే ఎత్తలేకపోయాడు.

"ఆ రోజు ఇంకేమైనా జరిగిందా?" అని అడిగాను. కోడలు ఆలోచించి, "పొద్దున కాఫీ గ్లాసు చేతిలోనుంచి జారిపోయింది. నిద్ర చాలక అనుకున్నాం" అంది. అది బెణుకు కాదు, పక్షవాతం. కాలు బెణికి ఆయన పడలేదు. మెదడు నుండి పాదానికి ఆజ్ఞ అందక పడ్డాడు. విలువైన నాలుగు రోజులు నూనెతో గడిచిపోయాయి.

ఇలాంటి పొరపాటు మరో ఇంట్లో జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

చీలమండ చేసే పని

చీలమండ అనే మాట మనకు కొత్తది కాదు. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో దేవాలయ ద్వారం దగ్గర కుంటివాని సంగతి చదివినప్పుడల్లా వింటున్నదే. మనం అడుగు తీసిన ప్రతిసారీ చీలమండ పాదాన్ని పైకి లేపుతుంది, తరువాత పాదాన్ని మెల్లగా నేలకు దించుతుంది, చివరకు పిక్క బలంతో శరీరాన్ని ముందుకు నెడుతుంది. మామూలు నడకలో మన బొటనవేలు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే దాటిపోతుంది. ఆ కాస్త ఎత్తు తగ్గినా గడప తగులుతుంది, రాయి తగులుతుంది. ఉదయగిరి కొండదారిలో నడిచేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

ఆజ్ఞ వచ్చే దారి

బల్బు వెలగకపోతే బల్బు ఒక్కటే చూసి ఊరుకోము. ఫ్యూజు చూస్తాం, స్తంభం దగ్గర తీగ చూస్తాం. చీలమండ కూడా బల్బు వంటిదే. దాని సబ్ స్టేషన్ మెదడులో ఉంది.

శరీరంలోని ఒక్కొక్క భాగానికి మెదడు పైపొరలో ఒక్కొక్క చోటు ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో డాక్టర్ పెన్‌ఫీల్డ్ తన సహచరునితో కలిసి 1937లో ఈ చోట్ల వివరాలను ప్రచురించారు. ముఖానికి, చేతికి సంబంధించిన చోట్లు మెదడు పక్కభాగంలో ఉన్నాయి. పాదానిది నడినెత్తి కింద, మెదడు రెండు సగాలు కలిసే లోపలి గోడలో ఉంది. ఆ భాగానికి రక్తం ఇచ్చే నాళం వేరు. అందుకే కొందరికి పక్షవాతం చేతిలో ఎక్కువగా, కొందరికి కాలిలో ఎక్కువగా కనిపిస్తుంది.

అక్కడి నుండి ఆజ్ఞ నరాల పోగుల గుండా దిగుతుంది. ఒక్కో వైపు సుమారు పది లక్షల పోగులుంటాయి. మెదడు అడుగున వాటిలో ఎక్కువ భాగం అటుది ఇటు, ఇటుది అటు దాటుతాయి. అందుకే మెదడు ఎడమ వైపు దెబ్బతింటే కుడి కాలు పడిపోతుంది. ఆ తరువాత ఆజ్ఞ వెన్నుపాములోకి, నడుము దగ్గర బయటికి వచ్చే నరాలలోకి, మోకాలి బయటి పక్కగా పోయే నరంలోకి, చివరకు పాదాన్ని ఎత్తే కండరానికి చేరుతుంది.

వెనక్కి వెళ్లే దారి కూడా ఉంది. పాదం ఎంత వంగిందో, నేల ఎటు వాలిందో చీలమండ చుట్టూ ఉన్న కండరాలు, కీలు ఎప్పటికప్పుడు మెదడుకు తెలియజేస్తాయి. చిన్న మెదడు ఆ కబురును బట్టి అడుగు సరిచేస్తుంది. చీకట్లో కూడా మనం పడకుండా నడవడానికి ఇదే కారణం. వయసు మళ్లేకొద్దీ ఈ కబురు మందగిస్తుంది. చీలమండ దగ్గరి స్నాయువులకు ప్రకంపనలు ఇచ్చి మెదడును స్కానులో పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. ఆ కబురుకు మెదడు బాగా స్పందించినవారు నిలకడగా నిలబడగలిగారని అందులో తేలింది.

దారి ఎక్కడ తెగింది?

మెదడులో: హఠాత్తుగా వస్తుంది. ఒక వైపు కాలు, చేయి, మూతి, మాట, వీటిలో ఒకటైనా అన్నీ అయినా తేడా పడవచ్చు. రోజులు గడిచేకొద్దీ పిక్క బిగిసి, పాదం కిందికి, లోపలికి తిరుగుతుంది.

వెన్నుపాములో: మన ప్రాంతం వారు దీన్ని తప్పక తెలుసుకోవాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు పాడవుతాయని మన దేశంలో మొదట వెలువడిన నివేదికలు 1937 నాటివి, అవి అప్పటి నెల్లూరు జిల్లాకు సంబంధించినవి. ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారిలో కొందరికి వెన్నెముక గట్టిపడి, లోపల పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుంది. రెండు కాళ్లూ మెల్లగా కర్రల్లా బిగుసుకుంటాయి. డాక్టరుగారు పాదాన్ని ఒక్కసారి పైకి నెడితే చీలమండ టకటకా కొట్టుకుంటుంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. ఈ రెండో గుర్తును బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి వైద్యుడు 1896లో తెలిపారు. దారి పైభాగంలో అడ్డు ఉందని ఈ గుర్తులు చెబుతాయి. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటరాదు. మీ బోరు నీటిని పరీక్ష చేయించండి.

నరంలో: పాదం బిగుసుకోదు, వేలాడిపోతుంది. కుష్ఠువ్యాధిలో మోకాలి పక్క నరం ఉబ్బి ఇలా అవుతుంది. గంటల తరబడి గొంతుకూర్చుని కలుపు తీసినా ఆ నరం నలుగుతుంది. షుగరులో అరికాలి స్పర్శ పోయి, చెప్పు జారిపోయినా తెలియదు. స్పర్శ లేని మచ్చ ఉంటే దాచుకోవద్దు. కుష్ఠుకు మందులు ఉచితం. నరానికి చికిత్స త్వరగా మొదలైతే కాలు దక్కుతుంది.

వెంటనే ఏం చేయాలి?

• హఠాత్తుగా కాలు గాని, చేయి గాని, మాట గాని పడిపోతే 108కి ఫోను చేయండి. సి.టి. స్కాను ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఉదయగిరి, ఆత్మకూరు నుండి నెల్లూరు చేరడానికే అందులో కొంత సమయం పోతుంది. కనుక ఎదురుచూడవద్దు.
• చివరిసారి మనిషి బాగా ఉన్నది ఎన్ని గంటలకో రాసిపెట్టుకోండి. డాక్టరుగారు మొదట అడిగేది అదే.
• నోట్లో నీళ్లు, మాత్రలు, నాటుమందు పోయవద్దు. పొరపోయే ప్రమాదం ఉంది.
• కొద్దిసేపటికే తగ్గిపోయినా ఆసుపత్రికి రండి. అది పెద్దదానికి ముందు హెచ్చరిక కావచ్చు.

తరువాత ఇంట్లో చేయవలసినది

దెబ్బతిన్న మెదడు కణాలు తిరిగి రావు. కానీ పక్కనున్న కణాలు కొత్త దారులు వేసుకోగలవు. ఆ దారులు వాడకంతోనే పడతాయి, పొలంలో కాలిబాట పడినట్లు. నూనె మర్దన ఒక్కటే చేస్తే మెదడుకు పని ఉండదు. రోగి తనంతట తాను ప్రయత్నించాలి.

• మోకాలు చాపి, పాదం ముందు భాగానికి తువ్వాలు వేసి మెల్లగా తనవైపు లాగాలి. ముప్ఫై లెక్కపెట్టేవరకు ఉంచి వదలాలి.
• కుర్చీలో కూర్చుని, మడమ కదపకుండా పాదాన్ని పైకెత్తాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పాదం కదలకపోయినా కళ్లతో చూస్తూ ప్రయత్నించాలి.
• ఫిజియోథెరపీ వారు ఇచ్చిన పట్టీని నడిచేటప్పుడు ధరించాలి.
• బి.పి., షుగరు మందులు బాగున్నామని మానకూడదు.

మొదటి మూడు నుండి ఆరు నెలల్లో మెరుగు ఎక్కువగా ఉంటుంది. ఆ తరువాత కూడా ఆగిపోదు.

ఆ పెద్దాయన ఇప్పుడు పట్టీ వేసుకుని, చేతికర్రతో నడుస్తున్నారు. పోయినసారి వచ్చినప్పుడు ఆయన కోడలు, "ఆ గ్లాసు జారినప్పుడే వచ్చి ఉంటే ఎట్లుండేదో సిస్టరమ్మా" అంది. నేను ఏమీ చెప్పలేకపోయాను. మీ ఇంట్లో గ్లాసు జారినా, చెప్పు జారినా, ఒక్క నిమిషం ఆగి ఆ మనిషి వైపు చూడండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్