జపాను భోజనశాలలో ఒంటరి అతిథి

పరదేశమున ఒంటరిగా భోజనశాల వాకిట నిలిచిన యాత్రికునకు ఆకలికంటె సంకోచమే ఎక్కువ బాధ కలిగించును. భాష రాదు, తోడు లేదు. జపానులో ఈ సంకోచమునకు కారణము లేదని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము. ఒక్కనికై అచట ముందుగనే పీట వేసి ఉంచినారు.

వాకిట 'నోరెన్' అను గుడ్డ తెర వ్రేలాడుచున్నచో శాల తెరచి యున్నదని గుర్తు. లోన అడుగిడగనే 'ఇరష్షైమసె' యని కేక వినబడును. 'దయచేయుడు' అని దాని భావము, బదులు పలుకనక్కరలేదు. ఒక వ్రేలు చూపిన చాలును. వంటవాని కెదురుగా నున్న పొడవాటి బల్లకడ కూర్చుండబెట్టుదురు. ఒంటరివారు అచట కూర్చుండుట సర్వసాధారణము. చేతులు తుడుచుకొనుటకు తడిగుడ్డ నిత్తురు.

పేరు తెలియని వంటకము నడుగుట ఎట్లు? పలు శాలల ముందు అద్దముల వెనుక వంటకముల నమూనాలుండును. 1932లో ఒసాకాలో ఇవాసాకి తాకిజో అను నాతడు మైనపు నమూనాల వ్యాపారము నెలకొల్పెను; నేడు వానిని ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. కావలసినదానిని వ్రేలితో చూపవచ్చును. కొన్ని చోట్ల వాకిటనున్న యంత్రములో డబ్బు వేసి, చీటీ తీసి, వంటవారి కందీయవలెను.

శాకాహారులు మాత్రము మెలకువ వహింపవలెను. కూరగాయలు తప్ప మరేమియు కనబడని గిన్నెలో సైతము 'దషి' అను రసముండవచ్చును. దానిని తరచుగా ఎండిన చేప తురుముతోను, కొంబు అను సముద్రపు నాచుతోను కాచుదురు. మాంసము వద్దన్నంత మాత్రమున చాలదు. చేప రసము సైతము కూడదని జపాను లిపిలో వ్రాయించిన చీటీ వెంట నుంచుకొనుట మేలు. బౌద్ధాలయముల సంప్రదాయమైన 'షోజిన్ ర్యోరి' భోజనమున చేపమాంసములుండవు.

తినుటకిచ్చు పుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చరాదు. మృతులకు పెట్టు అన్నమున అట్లు గ్రుచ్చుదురు. గోధుమ, బక్‌వీట్ పిండితో చేసిన సేమియా వంటి వంటకమును చప్పుడగునట్లు జుర్రుట మాత్రము తప్పు కాదు.

మన పంక్తిలోవలె కొసరి కొసరి వడ్డింపరు; అతిథిని ప్రశ్నలతో వేధింపరు. దానిని నిరాదరణగా తలపరాదు. ఏకాంతముగా తినువాని ఏకాంతమును వారు గౌరవింతురు. సేవకులకు బహుమానమిచ్చు ఆచారము లేదు. పైకమును పెక్కుచోట్ల ద్వారముకడ చెల్లింపవలెను. వెడలునపుడు 'గొచిసోసమ' యని పలికిన వంటవారి ముఖము వికసించును. భోజనానంతరము మన పెద్దలు పలుకు 'అన్నదాతా సుఖీభవ' వంటిదే ఆ మాట. జపాను భాషలో ఒక్క మాటయే నేర్వగలిగిన యాత్రికుడు దానినే నేర్చి పోవలెను.