మీకు తెలుసా? షుగర్ పడిపోయే ముందు ఒళ్లు హెచ్చరిస్తుంది

● రక్తంలో గ్లూకోజు 70 మి.గ్రా./డె.లీ. కంటే తగ్గితే ‘లో షుగర్’. 54 కంటే దిగితే పరిస్థితి తీవ్రమైనట్టే.

● మొదట చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఉన్నట్టుండి ఆకలి వేస్తుంది. మెదడుకు గ్లూకోజు చాలకపోతే మాట తడబడుతుంది, చూపు మసకబారుతుంది, ఊరికే కోపం వస్తుంది. చూసేవాళ్లు తాగారేమోనని పొరబడతారు కూడా.

● నిద్రలోనూ షుగర్ పడిపోవచ్చు. దిండు చెమటతో తడిసినా, పీడకలలు వచ్చినా, లేవగానే తలనొప్పి ఉన్నా అనుమానించాలి.

● బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు దడను, వణుకును మరుగుపరుస్తాయి. చెమట మాత్రం పడుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

● లక్షణాలు కనిపిస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు పొడి గానీ, మూడు నాలుగు చెంచాల పంచదార గానీ నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత పరీక్షించి, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగాలి. చాక్లెట్ మాత్రం వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా రక్తంలో కలుస్తుంది.

● వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి.

● స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

● ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడేవారు ఏ పూటా భోజనం మానకూడదు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగండి.