అంగడి తెరకు బొమ్మ చేరు విధము

అనకాపల్లి జిల్లాలో వరాహనదీ తీరమున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి శిల్పులు అంకుడు కఱ్ఱను తరిణెపట్టి, ఆకులు, బెరడులు, వేళ్ళు, గింజలనుండి తీసిన రంగులు కలిపిన లక్కతో మెఱుగు పెట్టుదురు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

పరవాడలోని చిన్న వర్తకుడొకడు ఈ బొమ్మలను ఇంటర్నెట్ అంగడిలో అమ్మదలచెననుకొందము. రకములు 200, ఒక్కొక్కదానికి ఛాయాచిత్రములు మూడు, మొత్తము 600. వీనిని చేతితో ఒక్కొక్కటిగ ఎక్కించుటకు దినములు పట్టును. అలసినవేళ ఒక బొమ్మకు వేఱొకదాని చిత్రము తగుల్కొనును. ఈ పనిని కంప్యూటరు ప్రోగ్రామున కప్పగించు మార్గమునకే ఏపీఐ అని పేరు. అది ఎట్లు నడచునో శ్రోతలకు తెలుపుటయే మా ఉద్దేశము.

ఏపీఐని తపాలాకార్యాలయపు కిటికీతో పోల్చవచ్చును. లోపలి పని మనకు కనబడదు. నియమిత రూపమున పార్సెలు నందిచ్చినచో తీసికొని రసీదు నిత్తురు. ఇచ్చటను అంతే.

మొదట అంగడివారు వర్తకునకు ఒక రహస్య సంకేతము నిత్తురు. దీనిని టోకెను అందురు. ఇది తాళపుచెవి వంటిది. ఇతరుల చేతబడినచో వారు చిత్రములనే కాదు, ధరలను సైతము మార్చగలరు. కావున దానిని ఫోనుసందేశములలో పంపరాదు. పోయినదని తోచినచో వెంటనే రద్దుచేసి క్రొత్తది పొందవలెను.

పిమ్మట బొమ్మపేరు, ధర నమోదుచేయగా అంగడి దానికొక సంఖ్య నిచ్చును. ఆ సంఖ్యను చెప్పి చిత్రమును పంపవలెను. ఇందు రెండు పద్ధతులు ముఖ్యమైనవి. చిత్రమున్న వెబ్ చిరునామాను తెలిపినచో అంగడి సర్వరే వెళ్ళి తెచ్చుకొనుట ఒకటి. చిత్రమునే పంపుట రెండవది. సందేశము అక్షరరూపమున మాత్రమే పోవలసినచోట చిత్రమును అక్షరములుగ మార్చుదురు. రోమను పెద్దక్షరములు 26, చిన్నవి 26, అంకెలు 10, గుర్తులు 2, వెరసి 64. అందుచే దీనికి బేస్64 అని పేరు. ప్రతి 3 బైట్లకు 4 అక్షరములగుటచే 3 మెగాబైట్ల చిత్రము 4 అగును. కనుక పంపుటకు ముందే చిత్రమును తగురీతిని తగ్గించుట మేలు.

సర్వరు ఇచ్చు రసీదు మూడంకెల సంఖ్య. 201 అనగా చేరినది. 401 అనగా టోకెను చెల్లలేదు. 413 అనగా పరిమాణము మించినది. 429 అనగా వేగము హెచ్చినది, కొంత తడవాగుమని. అసలు చిక్కు రసీదే రానప్పుడు కలుగును. చిత్రము చేరిన పిమ్మట, జవాబు వచ్చులోపల లైను తెగవచ్చును. చేరలేదని మరల పంపినచో ఒకే చిత్రము రెండుమాఱు లెక్కును. కావున ఆ బొమ్మ క్రింద ఇప్పటికే ఏ చిత్రములున్నవో అంగడిని అడిగి తెలిసికొనిన పిదపనే ప్రోగ్రాము మరల పంపవలెను. ప్రతి బొమ్మకు ఒక గుర్తుసంఖ్య నిర్ణయించి, చిత్రపు ఫైలునకును అదే పేరుంచినచో తారుమారుల కవకాశ ముండదు.

ఇంత జాగ్రత్త యేల? దూరపు కొనుగోలుదారు బొమ్మను చేతబట్టి చూడలేడు. అతనికి చిత్రమే సాక్ష్యము. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమముల ప్రకారము, ప్రకటించిన లక్షణములు లేని వస్తువును తిరిగి తీసికొనుటకు విక్రేత నిరాకరింపరాదు. చిత్రములో మోదుగపూవువలె వెలిగిన రంగు చేతికి వచ్చునప్పటికి వెలవెలబోయినచో బొమ్మ వెనుకకు వచ్చును. రవాణా ఖర్చును, శిల్పి పేరును రెండును నష్టమగును.

కనుక మొదట పది బొమ్మల చిత్రములను మాత్రమే పంపి, అంగడిపుటను ఫోనులో తెఱచి, పగటి వెలుగున బొమ్మను ప్రక్కనుంచి రంగు సరిచూచుకొనవలెను. రంగు కుదిరిన పిమ్మట తక్కిన 190 బొమ్మల చిత్రములను నిశ్చింతగ ప్రోగ్రామున కప్పగింపవచ్చును.