ఉక్కు కొలిమి పక్కన చలి కాపురం

భిలాయ్ ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వెలువడే ద్రవ ఇనుము వేడి దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని రిసాలి వీధులలో డిసెంబర్, జనవరి మాసాల తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల దరిదాపులకు, కొన్ని సంవత్సరాలలో అంతకంటె దిగువకూ జారిపోతుంది. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు హాజరు కావలసిన కార్మికుడు అయిదు గంటల లోపే లేవాలి. స్కూటరు మీద వెళ్లేవాడు చొక్కాకూ స్వెట్టరుకూ నడుమ నిన్నటి దినపత్రికను మడిచి ఛాతీకి అడ్డంగా పెట్టుకొంటాడు. సైకిలు మీద వెళ్లేవానికి తొక్కుడు వల్ల ఒళ్లు కాస్త వేడెక్కుతుంది గాని, హ్యాండిల్ పట్టుకొన్న వేళ్లు మొద్దుబారిపోతాయి. గేటు దగ్గరి టీ దుకాణంలో గాజు గ్లాసును రెండు అరచేతుల నడుమ పట్టుకొని నిలబడటం తాగడానికి ఎంతో, వేళ్లు కదలడానికీ అంతే అవసరం.

రిసాలి మొదట ఒక పల్లె. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అటుపిమ్మట చుట్టుపక్కల పల్లెలను కలుపుకొంటూ ఉక్కునగరం విస్తరించింది. రిసాలిలో ఒకవైపు కర్మాగారం వారి క్వార్టర్లు, మరొకవైపు పాత పల్లె, వాటి మధ్య ప్రైవేటు కాలనీలు, బస్తీలు ఉన్నాయి. ఒకప్పుడు భిలాయ్ నగరపాలక సంస్థలో భాగమైన ఈ ప్రాంతం తర్వాత ప్రత్యేక కార్పొరేషన్‌గా ఏర్పడింది. 2021 డిసెంబర్‌లో తొలి ఎన్నికలు జరిగాయి. చలి పంపకం మాత్రం వార్డుల హద్దులను బట్టి జరగదు. ఎవరు ఏ వేళకు ఇల్లు దాటాలన్నదానిని బట్టి జరుగుతుంది.

స్థిర ఉద్యోగికి పక్కా క్వార్టరు, అందులో గీజరు ఉంటాయి. అదే గేటు గుండా లోపలికి వెళ్లే ఒప్పంద కార్మికునికి బస్తీలో రేకుల ఇల్లు ఉంటుంది. పగలు ఎండను లోపలికి దింపే ఆ రేకే రాత్రి మంచును దింపుతుంది. ఒకరోజు జ్వరమొస్తే మొదటివానికి సెలవు ఖర్చవుతుంది, రెండవవానికి కూలి పోతుంది. వీధులూడ్చేవారు, పాలవారు, పత్రికలు వేసే కుర్రవాళ్లు, ఇళ్లలో అంట్లు తోమే స్త్రీలు కూడా సూర్యుని కంటె ముందే పనిలో ఉండేవారే. కుళాయి నీళ్లలో చేతులు పెట్టి తోమే గిన్నెల లెక్క చలికాలమని తగ్గదు.

తెలుగు తీరం నుంచి వచ్చిన చలి

శీతల గాలులు ఉత్తరాది నుంచే వస్తాయని అనుకోవడం పరిపాటి. 2018 డిసెంబర్‌లో మాత్రం ఈ ప్రాంతానికి చలి మొదట తెలుగు తీరం మీదుగా వచ్చింది. బంగాళాఖాతంలో పుట్టిన పెథాయ్ తుపాను డిసెంబర్ 17న తూర్పు గోదావరి జిల్లా కాట్రేనికోన సమీపాన తీరం దాటింది. దాని మేఘాలు ఛత్తీస్‌గఢ్‌ను కమ్మి వానలు కురిపించాయి. ఆ రోజే రాయపూర్‌లో భూపేశ్ బఘేల్ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేయవలసి ఉంది. సైన్స్ కళాశాల మైదానంలో జరగవలసిన ఆ సభను వర్షం మూలంగా ఇండోర్ స్టేడియానికి మార్చవలసి వచ్చింది. అదే సాయంత్రం కొత్త మంత్రివర్గం ధాన్యానికి క్వింటాలుకు 2,500 రూపాయల ధరను, రైతు రుణాల మాఫీని నిర్ణయించింది.

ఇందులో ఒక వైచిత్రి ఉన్నది. ధర పెరిగిన రోజుననే ధాన్యం తడిసే పరిస్థితి ఏర్పడింది. కొనుగోలు నిబంధనల ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు. బస్తాల మీద టార్పాలిన్ కప్పి, పక్కనే గోనెసంచి భుజాన వేసుకొని రాత్రంతా కాపలా ఉండే రైతుకు తన ఒంటి చలికంటె ధాన్యం చెమ్మే పెద్ద చింత. దుర్గ్ పరిసరాలలో కొనుగోలు గడువు చలికాలం నడిబొడ్డునే పడుతుంది; ఏ ప్రభుత్వం వచ్చినా ఈ కాపలా తప్పలేదు.

మేఘాలు ఉన్నన్నాళ్లూ వచ్చిన చలి ఒక రకం. పగటి ఎండ లేక ఉష్ణోగ్రత పైకి లేవదు, రాత్రి మాత్రం మరీ పడిపోదు. మేఘాలు తొలగిన తర్వాత అసలు చలి మొదలవుతుంది. నేల పగలు దాచుకొన్న వేడిని రాత్రి ఆకాశంలోకి వదులుతుంది. దుప్పటి వంటి మబ్బు లేనప్పుడు ఆ వేడి అడ్డు లేకుండా పోతుంది. దీనికి హిమాలయాల వైపు నుంచి వీచే పొడిగాలి తోడయినప్పుడు మధ్య భారతమంతా వణుకుతుంది. ఆ డిసెంబర్ చివరి వారంలో జరిగినది ఇదే. దుర్గ్‌కు పశ్చిమాన, హౌరా-ముంబయి రైలుమార్గం మీదనే ఉన్న నాగపూర్‌లో డిసెంబర్ 29న కనిష్ఠ ఉష్ణోగ్రత 3.5 డిగ్రీలకు పడిపోయి, 1937 నాటి రికార్డును చెరిపివేసింది. ఇటు తెలంగాణలో ఆదిలాబాద్ జిల్లా కూడా అదే వారంలో గడగడలాడింది.

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతపు కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీలు లేదా అంతకంటె తక్కువై, సాధారణం కంటె నాలుగున్నర డిగ్రీలు తగ్గితే శీతల గాలులుగా పరిగణిస్తారు. నాలుగు డిగ్రీలకు చేరితే ఇక సాధారణంతో పోల్చవలసిన పని లేదు. అమృత్‌సర్ వాసికి పది డిగ్రీలు ఒక లెక్క కాకపోవచ్చు. వేసవిలో నలభై అయిదు డిగ్రీలను తట్టుకోవడానికి కట్టిన ఇళ్లలో, పలుచని దుప్పట్లతో గడిపే జనానికి అదే పెద్ద శిక్ష.

పిండి పులియదు, పాలు తోడుకోవు

వంటింట్లో చలి మొదట పట్టుబడేది పిండి గిన్నెలో. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లవారినా పొంగదు. రిసాలిలోని తెలుగు ఇల్లాలు గిన్నెను పాత శాలువాలో చుట్టి పొయ్యి పక్కన పెడుతుంది. అయినా ఆదివారం ఇడ్లీ అనుకొన్నది ఉప్మాగా మారడం కద్దు. పాలు గోరువెచ్చగా కాక కాస్త వేడిగానే తోడు పెట్టాలి. కొబ్బరినూనె సీసాను ఎండలో నిలబెట్టనిదే నూనె జారదు. ఉతికిన దుప్పటి ఆరడానికి రెండు రోజులు. గీజరు లేని ఇంట బకెట్టులో ఇనుప రాడ్డు వేసి నీళ్లు కాచుకొంటారు. స్విచ్ ఆపకుండా నీటిలో వేలు పెట్టి చూసే అలవాటు ఎంత ప్రమాదకరమో తెలిసీ మానని ఇళ్లు అనేకం.

సంతలో మాత్రం చలికాలమే శుభకాలం. దుర్గ్ జిల్లాలో, ముఖ్యంగా ధమ్ధా ప్రాంతంలో టమాటా విస్తారంగా పండుతుంది. కాలీఫ్లవరు, పచ్చిబఠాణీ, మెంతికూర కుప్పలుగా వచ్చే ఈ రెండు నెలలలో గృహిణి సంచి తక్కువ ఖర్చుతో నిండుతుంది. ఆ సంచిని నింపేవాడు సుపేలాలోని ఆకాశగంగ మండీకి ఇంకా చీకటి ఉండగానే చేరి, తడి ఆకుకూరల కట్టలను చేతులతో విడదీసి, రిసాలి వీధుల్లోకి తోపుడుబండి తేవాలి. ధర పడిపోయిన టమాటాకు రైతు పడే బాధ వేరే కథ.

పదవీ విరమణ చేసి, లీజుకు తీసుకొన్న క్వార్టర్లలో ఉండిపోయిన వృద్ధులు రిసాలిలోనూ, పక్క సెక్టర్లలోనూ చాలామంది. వారి దినచర్యను చలి తిరగరాస్తుంది. ఉదయపు నడక పది గంటలకు జరుగుతుంది. బ్యాంకు పని, కూరల పని, మందుల పని అన్నీ ఎండ ఉన్న నాలుగయిదు గంటలలోనే ముగించాలి. వాయిదా వేయలేనిది సెక్టర్ 9 ఆసుపత్రి ప్రయాణం ఒక్కటే. ఉబ్బసం, కీళ్లనొప్పులు, రక్తపోటు ఈ రోజులలోనే పెరుగుతాయి. చలికి రక్తనాళాలు ముడుచుకొనడం వల్ల గుండె మీద భారం హెచ్చుతుందని వైద్యులు చెప్పే మాట కొలుముల దగ్గర ముప్పయి సంవత్సరాలు పనిచేసినవారికి ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. చెమటతోనే ఉద్యోగమంతా గడిపినవారు కదా!

ఉన్ని వ్యాపారం తీరు చూడదగినది. ఛత్తీస్‌గఢ్ ఉత్తర కొసన సర్గుజా జిల్లాలోని మైన్‌పాట్‌లో 1960వ దశకం ఆరంభం నుంచి టిబెటన్ శరణార్థుల కాలనీలు ఉన్నాయి. వ్యవసాయంతోపాటు చలికాలపు స్వెట్టర్ల అమ్మకం దేశమంతటా టిబెటన్ల ప్రధాన జీవనోపాధి. లూధియానా ఉన్ని మిల్లుల వారు వారికి సరకును నమ్మకం మీద అప్పుగా ఇస్తారు. సీజను ముగిసిన తర్వాత బాకీ తీరుస్తారు. కనుక ఈ వ్యాపారంలో చలి రావడం ఒక్కటే చాలదు, వేళకు రావాలి. డిసెంబర్ మొదటి పక్షంలో గట్టి చలి పడితే డేరాలో సరకు నిలవదు. సంక్రాంతి దాటిన తర్వాత పడే చలికి సగం ధరకు ఇచ్చినా కొనేవారుండరు. బస్తీవాసులు సుపేలా ఆదివారపు సంతలో తక్కువ ధర దుస్తుల గుట్టల్లో పిల్లలకు పనికివచ్చేవి ఏరుకొంటారు. పాత రజాయిలోని దూదిని ఏకించి మళ్లీ నింపించుకొనడం ఇంకా చవుక.

వాసన లేని శత్రువు

ఇక నిప్పు సంగతి. ఛత్తీస్‌గఢీ ఇళ్లలో చలికాలపు ప్రధాన సాధనం గోర్సీ. ఇది మన కుంపటి వంటి మట్టిపాత్ర. అందులో ఛేనా, అంటే పిడకలు, లేదా కట్టెబొగ్గు రాజేసి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొంటారు. పసిబిడ్డలకు, బాలింతలకు దీని సెగ తగిలించడం పాత ఆచారం. ఆరుబయట, వసారాలో ఉన్నంతవరకు దీనితో చిక్కు లేదు. రాత్రి పడుకొనేటప్పుడు గాలి రాకుండా తలుపులు, కిటికీలు బిగించి దీనిని గదిలోనే ఉంచుకొంటేనే ప్రాణాల మీదికి వస్తుంది. గాలి చాలనప్పుడు బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. తలనొప్పితో మొదలై, మెలకువ రాకముందే మరణం సంభవించవచ్చు. ఉత్తర, మధ్య భారతాలలో ప్రతి చలికాలంలోనూ ఇటువంటి మరణాల వార్తలు వస్తూనే ఉంటాయి.

ఈ వాయువు భిలాయ్‌కి అపరిచితం కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే గ్యాసులో ప్రమాదకరమైన భాగం ఇదే. 2014 జూన్ 12న కర్మాగారంలో గ్యాస్ లీకై ఆరుగురు మరణించారు. వారిలో సీనియర్ అధికారులు కూడా ఉన్నారు. గ్యాస్ ఉండే చోట పనిచేసే కార్మికులకు దానిని గుర్తించే మీటర్లు, ముఖానికి శ్వాస పరికరాలు, శిక్షణ ఉంటాయి. అదే కార్మికుని ఇంట మంచం పక్కన గోర్సీ ఉన్నప్పుడు మీటరు ఉండదు. అతనికి తెలిసిన విషయం అతని తల్లికి, భార్యకు తెలియాలంటే అతడే చెప్పాలి. కిటికీ ఒక జానెడు తెరిచి ఉంచడం, నిద్రకు ముందు కుంపటిని బయట పెట్టడం, ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. గదిలోకి చలి వస్తుందన్నదొక్కటే అభ్యంతరం. పలుచని దుప్పటి మాత్రమే ఉన్న ఇంట అది చిన్న అభ్యంతరం కాదు.

పిడకకు ఒకప్పుడు కొత్త విలువ కూడా వచ్చింది. 2020 జూలైలో హరేలీ పండుగనాడు ప్రారంభమైన గోధన్ న్యాయ్ పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం కిలో రెండు రూపాయల చొప్పున పేడను కొన్నది. తర్వాత ప్రభుత్వం మారడంతో అది నిలిచిపోయింది. పల్లె గోడల మీద పిడకలు మాత్రం ఆరుతూనే ఉన్నాయి.

వాటికి జనవరిలో తెలుగువారు కూడా కొనుగోలుదారులే. 1931లో రాయపూర్-విజయనగరం రైలుమార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు ఈ ప్రాంతం దగ్గరయింది. ఉక్కు కర్మాగారం వచ్చిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఆ మార్గాన వచ్చి స్థిరపడిన కుటుంబాలలో మూడవ తరం నడుస్తున్నది. మినీ భారత్ అని పేరుపడిన ఈ ఊరిలో పంజాబీలు లోహ్డీ మంట వేసిన రాత్రి గడిచీ గడవకముందే తెలుగువారి భోగి మంట లేస్తుంది. పిల్లల మెడలో వేసే భోగి పిడకల దండకు పేడ ఛత్తీస్‌గఢీ ఇంటి పశువులది. విరిగిన కుర్చీలు, పాత తలుపులు ఫ్లాట్లలో దొరకక, మంటకు కట్టెలు కొనవలసి రావడం కొత్త ఖర్చు.

సెలవు దొరికినవారు సంక్రాంతికి ఊరికి వెళ్తారు. 2024 సెప్టెంబర్ 16న ప్రారంభమైన దుర్గ్-విశాఖపట్నం వందేభారత్ రైలు, ప్రారంభ కాలపట్టిక ప్రకారం దుర్గ్‌లో ఉదయం 5 గంటల 45 నిమిషాలకు బయలుదేరుతుంది. అంటే రిసాలిలో నాలుగు గంటలకే లేచి, పిల్లలకు టోపీలు తొడిగి, ముందురోజే మాట్లాడుకొన్న ఆటో కోసం గుమ్మంలో నిలబడాలి. మధ్యాహ్నం విశాఖలో దిగేసరికి ఆ స్వెట్టర్లన్నీ చేతి మీదికి చేరతాయి.

ఊరికి వెళ్లని ఇళ్ల తలుపు పుష్య పౌర్ణమినాడు పొద్దున్నే ఎవరో తడతారు. అది ఛత్తీస్‌గఢ్ పల్లెల ఛేర్‌ఛేరా పండుగ. కొత్త ధాన్యం ఇంటికి చేరిన సంతోషంలో పిల్లలు గుంపులుగా సంచులు పట్టుకొని, కేకలు వేస్తూ ఇంటింటికీ తిరిగి వడ్లు అడుగుతారు. వడ్లు లేని క్వార్టర్లవారు బియ్యమో, చిల్లరో ఇస్తారు. ఆ పిల్లల్లో కొందరికి స్వెట్టరు ఉంటుంది, కొందరికి తండ్రి పాత చొక్కా మీద మరొక చొక్కా.