యాప చెట్టు మాడితె సచ్చినట్టు కాదు, గొడ్డలి పట్టేముందు గోరుతోని గీకి సూడుండ్రి

మా ఊర్లె బొడ్రాయి కాడ ఒక పెద్ద యాప చెట్టున్నది. 2021ల వానలు తగ్గుతుండంగ దాని కొసలన్ని మాడిపోయినయి. దూరంకెల్లి సూస్తె ఎవడో మంట పెట్టినట్టె ఉండె. కట్టెల బేరగాడు ట్రాక్టర్ ఏసుకొని వచ్చిండు. "ఇది సచ్చింది, ఇంక లేవది, నాలుగు వేలిస్త" అన్నడు. సగం మంది సరే అననే అన్నరు.

నేను ఒక కొమ్మను వంచి, ఎండిన కొసకు జానెడు కిందికి గోరుతోని బెరడు గీకిన. లోపట పచ్చగ, తడిగ ఉన్నది. అందరికి సూపిచ్చి "ఉగాది దాక ఆగుండ్రి" అన్న. ఆగిండ్రు. ఎండాకాలం మొదలైతుండంగ ఎర్రటి లేత చిగురు పెట్టింది. ఆ యేడు పువ్వు సరిగ పూయలే, పచ్చడికి పక్కూరికెల్లి తెచ్చుకున్నం. చెట్టు మాత్రం బతికింది. ఇయ్యాల్టికి దాని కిందనె పెద్దమనుషులు కూసుంటున్నరు.

గా యేడు తెలంగాణ అంతట యాప చెట్లు గిట్లనె మాడినయి. కొన్ని ఊర్లల్ల ఆగి సూసిండ్రు, కొన్ని ఊర్లల్ల మొదలుకంట నరికి అమ్ముకున్నరు. ఇప్పుడు గూడ వానాకాలం ఎల్లంగనె ఏదో ఒక కాడ గదే బేరం నడుస్తున్నది. తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ ఊరి చెట్టుకు వచ్చింది ఏందో మీకు తెలిస్తె బేరగాని మాట నమ్మాల్సిన పని లేదు.

మొదలు రోగమేందో పట్టాలె

ఆకు ఖరాబైతె మూడు రకాలుగ అనుమానపడాలె.

ఒకటి, అసలు రోగమే కాదు. చలికాలం ఎల్లి ఎండలు మొదలయ్యేటప్పుడు యాప పాత ఆకు రాల్చుకుంటది. ఆకు పసుపుపచ్చగయి చెట్టంత ఒక్క తీరుగ రాలుతది. పుల్లలు మాత్రం పచ్చగనె ఉంటయి. కొద్ది రోజులకే చిగురొస్తది. దీనికి మందు లేదు, అక్కెర లేదు.

రెండోది కొసమాడు రోగం. ఇది వానాకాలం నడిమి నుంచి చలికాలం దాక కనవడ్తది. లేత కొసలు ముందుగాల వాలిపోతయి, తర్వాత మాడి గోధుమ రంగుకొస్తయి. ఎండిన ఆకు రాలకుంట కొమ్మకే ఏలాడుతది. మొదట్ల లోపటి ముదురు ఆకు పచ్చగనె ఉంటది. తర్వాత ఎండుడు కొసకెల్లి కిందికి దిగుతది. 2021ల మనం సూసింది గిదే.

మూడోది ఏర్ల బాధ. చెట్టు ఒక్కసారి మాడది, యేడాదికేడాది పలుసబడుతది. ఆకు చిన్నగయితది, రంగు తేలిపోతది, ఒక్కోసారి ఒక దిక్కు కొమ్మలే ఎండుతయి. గిట్లుంటె పైకి సూసుడు ఆపి కింద సూడుండ్రి. మొదలు సుట్టు సిమెంటు పోసి గద్దె కట్టిండ్రా? మోరీ తవ్వంగ ఏర్లు తెంపిండ్రా? రోజు చెత్త తెచ్చి మొదట్ల కాలవెడుతున్నరా? సగం ఊర్లల్ల జవాబు గక్కడనె దొరుకుతది.

కొసమాడు ఎట్లొస్తది

దీంట్ల ఇద్దరు దొంగలున్నరు. ఒకటి టీ దోమ అనే పురుగు. పేరు దోమనే గని మనల్ని కుట్టది, చెట్టు లేత కొసల రసం పీలుస్తది. అది గుచ్చిన కాడ నల్లటి మచ్చవడి కొస ఎండుతది. రెండోది బూజు జాతి శిలీంద్రం, పేరు ఫోమోప్సిస్. 1997ల మైసూరు శాస్త్రవేత్తలు యాప మీద దీన్ని కొత్త జాతిగ గుర్తువట్టి రాసిండ్రు. పురుగు చేసిన గాయంల నుంచి గూడ ఇది లోపటికి పోతది. వాన చినుకులతోని, గాలితోని, గింజలతోని పాకుతది. అందుకే వానలు ఎక్కువ వడ్డ యేడు రోగం గూడ ఎక్కువ. పూత, కాయ మస్తుగ దెబ్బతింటయి గని పెద్ద చెట్టు మొత్తం సచ్చుడు తక్కువ. ఎండలు రాంగనె చాలా చెట్లు మళ్ల లేస్తయి.

ఏం చేయాలె

నలభై అడుగుల చెట్టుకు పై దాక మందు కొట్టుడు మన చేతుల అయ్యే పని కాదు. కొట్టినా ఆ మందు కింద ఆడే పిల్లల మీద, పక్కబాయి నీళ్లల్ల వడ్తది. మనం యాపపుల్ల నోట్ల పెట్టుకుంటం, మేకలు మండలు మేస్తయి, బోనానికి, పోచమ్మకు గా కొమ్మలే కావాలె. అందుకే పెద్ద చెట్టుకు ఓపికనె మొదటి మందు.

చేతికందే చెట్లకు, చిన్న మొక్కలకు మాత్రం పని ఉన్నది. ఎండిన కొమ్మను, పచ్చ భాగం జానెడు కలిసేటట్టు కోయాలె. వాన లేని రోజు కోయాలె. కోసినయి చెట్టు కిందనె కుప్ప వెయ్యొద్దు, దూరం తీస్కపోయి కాలవెట్టాలె.

కోసిన కాడ బోర్డో పేస్టు పూయాలె. వంద గ్రాముల మైలతుత్తం అర లీటరు నీళ్లల్ల, వంద గ్రాముల సున్నం ఇంకో అర లీటరుల కలిపి, రెండిటిని ఒక ప్లాస్టిక్ బకెట్ల పోసి కలపాలె. ఇనుప బకెటు వాడొద్దు. చిన్న మొక్కల మీద కొట్టేటందుకైతె గంతే తుత్తం, గంతే సున్నం పది లీటర్ల నీళ్లకు కలిపి, వడగట్టి, గా రోజే కొట్టాలె. కలిపినంక కొడవలి కొన అండ్ల ముంచి సూడుండ్రి. కొనకు రాగి రంగు అంటితె సున్నం ఇంకింత వెయ్యాలె.

పురుగు బాగ ఉంటె, రోగం ముదిరితె మీ ఏఈవోను రైతువేదిక కాడ పట్టుకొని అడగండి. ఫలానా మందు కొట్టుమని దుకాణపోడు చెప్తె మోతాదు తెల్వకుంట కొట్టకుండ్రి. కొట్టిన చెట్టు పుల్ల, ఆకు కొన్నాళ్లు ఎవరు ముట్టకుంట సూడాలె.

ఏర్ల బాధైతె గద్దె పగలగొట్టి మొదలు సుట్టు మూడు ఫీట్ల మన్ను వదలాలె. కొమ్మల నీడ వడే అంచు ఎంబడి చిన్న కందకం తీసి, పెంట ఎరువు వేసి, ఎండాకాలం వారానికోసారి నిండ నీళ్లు వెట్టాలె. చెత్త కాలవెట్టుడు బందు.

ఇంకో మాట. రోగమున్న చెట్టు గింజను పంచాయతి నర్సరీల పెట్టొద్దు. రోగం గింజతోని గూడ పోతది. నర్సరీ సంచులు నింపే కూలోళ్లకు గీ ముచ్చట ఎవరు చెప్తలేరు, మీరు చెప్పుండ్రి.

నరికేటోడు వస్తె

2002 నుంచి వాల్టా చట్టం ఉన్నది. పర్మిషన్ లేకుంట చెట్టు నరుకుడు దాంట్ల తప్పు. ట్రాక్టర్ వస్తె ముందుగాల కాయితం అడుగుండ్రి. తర్వాత నాలుగు దిక్కుల నాలుగు కొమ్మలు గీకి, లోపల పచ్చగుంటె ఫోన్ల ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టుండ్రి. పచ్చగ కనవడ్డంక "సచ్చింది" అనేటోని మాట నడవది. గీకిన ప్రతి కాడ గోధుమ రంగు, ఎండు కట్టె తగిలితె, ఉగాది దాటినా చిగురు లేకుంటె, గప్పుడు ఆలోచన చేద్దాం.

ఒక యాప గంత నీడ ఇచ్చేటందుకు మన తాతల కాలం వట్టింది. దాన్ని నరికేటందుకు మిషిను రంపానికి పూట గూడ వట్టది. నాలుగు నెలలు ఆగుడు మనకు బరువైతదా?