లాటిను వైయాకరణులును మధ్యయుగ క్రైస్తవ సిద్ధాంతమును

ఒక శాస్త్రమునందలి సిద్ధాంతమును విచారించుటకు ఆ శాస్త్రమును గురుముఖమున నభ్యసించినవాడే అధికారియా, లేక ఆ శాస్త్రమునకు మూలమైన గ్రంథము ఏ భాషలో నున్నదో ఆ భాషను చక్కగా నెఱిగినవాడును అధికారియా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. వ్యాకరణము పదశాస్త్రమనియు, మీమాంస వాక్యశాస్త్రమనియు, న్యాయము ప్రమాణశాస్త్రమనియు మన పూర్వులు విభజించి, ఈ మూటియందును పారంగతుడైనవానినే వ్యాఖ్యాతగా మన్నించిరి. ఐరోపాఖండమున క్రీ.శ. 15, 16 శతాబ్దులలో ఈ ప్రశ్నయే పెనువివాదముగా బరిణమించెను. అచట వాదికి దిగినవారు వైయాకరణులు; ప్రతివాదులు వేదాంతులు. ఆ వివాదమున నలిగిన పదములు నేడు మన తెలుగు క్రైస్తవ వాఙ్మయమునను గలవు గావున, తెలుగు పండితులు దీని నెఱుగుట యుక్తమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మధ్యయుగమున పశ్చిమ ఐరోపా క్రైస్తవులకు వేదగ్రంథము లాటినుభాషలో నుండెను. 4వ శతాబ్ది చివరను జెరోము అను మహాపండితుడు దమాససు పోపు ప్రేరణమున సంస్కరించి, అనువదించిన భాగములే ప్రధానముగా గల ఈ పాఠమునకు వుల్గేటు అని పేరు. క్రొత్త నిబంధనమునకు మూలము గ్రీకు. కాని ఆ గ్రీకును చదువగలవారు పశ్చిమమున మిక్కిలి యరుదైపోయిరి. 12వ శతాబ్దిలో పీటరు లొంబార్డు పూర్వాచార్యుల వాక్యములను సంకలించి యొక పాఠ్యగ్రంథము కూర్చెను. 13వ శతాబ్దిలో తోమా అక్వినాసు (1225-1274) 'సుమ్మా' యను మహానిబంధమును రచించెను. ఈ గ్రంథమును జూచిన మీమాంసకునకు అది పరాయిదిగా దోపదు. మొదట ప్రశ్న, పిదప వరుసగా పూర్వపక్షములు, వానికి విరుద్ధమైన యొక ఆప్తవాక్యము, తరువాత సిద్ధాంతము, తుదకు ఒక్కొక్క పూర్వపక్షమునకు సమాధానము. మన అధికరణరచనకును దీనికిని గల పోలిక యాశ్చర్యకరము. ఇంతటి నిర్మాణమునకు ఆధారశిలలుగా నమరినవి లాటిను పదములు. ఆ పదములు మూలమునందలి గ్రీకుపదములకు సరియైన ప్రతిపదములా కావా యన్న శంక ఆ నిర్మాతలకు దఱచుగా గలుగలేదు.

మా ప్రాంతమునందలి దృష్టాంత మొకటి చెప్పెదను. చేవెళ్ళనుండి హైదరాబాదునకు బోవు మార్గమున మొయినాబాదు గలదు. ఆ మండలమునందలి ఎనికేపల్లి చెఱువు తూమునకు అమర్చిన రెండు రాతిస్తంభములు జైనస్తంభములని 2023లో గుర్తింపబడినవి. వానిపై నలువైపుల తీర్థంకరుల ప్రతిమలును, తెలుగు కన్నడ లిపిలో శాసనాక్షరములును గలవు. చిలుకూరి ప్రాంతమున నొకప్పుడు జైనబసది యుండెననుటకు అవి సాక్ష్యములు. ఆ స్తంభములు తూమున నిలిచి చెఱువునీటిని గాచినవి, పొలములు పండినవి, అందు దోషమేమియు లేదు. కాని ఆ ఱాయి తూముకొఱకే చెక్కబడెనని యెవరైన వాదించినచో, లిపి చదువగలవాడు లేచి కాదనక తప్పదు. పునరుజ్జీవనకాలపు వైయాకరణులు మధ్యయుగ సిద్ధాంతమును సమీపించిన తీరు నించుమించుగా నిదియే. తూము పనిచేయుచున్నదా యని వారడుగలేదు. ఱాతిపై నేమి వ్రాసియున్నదని యడిగిరి.

వారిలో నగ్రగణ్యుడు లొరెంజో వల్లా (1407-1457). రోమునగరమున జన్మించి, కొంతకాలము నేపుల్సురాజైన అల్ఫాన్సో నాశ్రయించెను. కాన్‌స్టంటైను చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యాధికారమును పోపునకు ధారపోసెనని చెప్పు దానపత్రము కూటలేఖ్యమని 1440లో నిరూపించినవా డితడే. 4వ శతాబ్దిలో రోమునందు ఉండదగని 'సాత్రపు' వంటి మాటలు ఆ పత్రమున నుండుటయే యాతని ప్రధానహేతువులలో నొకటి. శబ్దమును బట్టి కాలమును నిర్ణయించు పద్ధతి మన శాసనపరిశోధకులకు నిత్యపరిచితము. ఆ కాలమున నది సాహసము.

వల్లా తర్కగ్రంథము సంస్కృతపండితులకు మఱింత యాసక్తికరము. అరిస్టాటిలు చెప్పిన పది పదార్థములను అతడు మూటికి దగ్గించెను: ద్రవ్యము, గుణము, క్రియ. కణాదుని వైశేషికమున మొదటి మూడును ద్రవ్యగుణకర్మములే కదా! ఈ రెండు దేశములవారికిని ఇందు సంబంధ మున్నదని నే ననను. వాక్యమును విశ్లేషించువానికి నామము, విశేషణము, క్రియ యను మూడు రూపములు మొదట గోచరించుట సహజము. వల్లా తర్కము వ్యాకరణమునుండి పుట్టినదనుటకు దీనిని గుఱుతుగా మాత్రము గ్రహింపవలయును. వేదాంతులు కల్పించిన 'సత్తాత్వము', 'కిమ్‌త్వము' వంటి భావార్థక పదములు ప్రాచీనుల లాటినులో లేవనియు, లేని మాటలనుండి లేని వస్తువులు పుట్టుచున్నవనియు నాతని యాక్షేపము. మన నవ్యన్యాయమునందలి త్వ తల్ ప్రత్యయముల వరుసలను జూచి విసిగిన వైయాకరణు డెవడైన నున్నచో వల్లాను వెంటనే కౌగిలించుకొనును.

1457 మార్చి 7వ తేదీన, రోమునగరపు దొమినికను దేవాలయమున, తోమా యుత్సవమునాడు స్తోత్రోపన్యాసము చేయుటకు వల్లాను పిలిచిరి. అతడు తోమా పవిత్రతను గొనియాడెను. కాని వేదాంతమున తర్కమును గలిపినవారికంటె, అట్లు కలుపక పౌలు మార్గము ననుసరించిన ప్రాచీనాచార్యులే మేలని ఆ యుత్సవముననే చెప్పెను. పెండ్లికి పిలిచినచోట పెండ్లికొడుకు తాతను బొగడినట్లున్నది. అయినను ఆతని మాట యందు వంచన లేదు.

ప్రతిపక్షమును వినక తీర్పు చెప్పరాదు. 1485లో పీకో దెల్లా మిరాందోలా యను యువపండితుడు, తానును పునరుజ్జీవనపక్షమువాడే యయ్యును, ఎర్మొలావో బార్బరో యను మిత్రునకు లేఖ వ్రాసి స్కొలాస్టికు వేదాంతుల పక్షమున వాదించెను. సత్యమును వెదకువానికి శబ్దసౌష్ఠవము ప్రధానము కాదనియు, కఠినమైన యా పరిభాష శాస్త్రమునకు బనిముట్టనియు నాతని వాదము. అంతటి చక్కని లాటినులో చక్కదనమును నిందించుట యొక చమత్కారమే. కాని యుక్తి బలమైనది. పాణిని 'టి', 'ఘు', 'భ' సంజ్ఞలు లోకమున లేనివే. అంతమాత్రమున నవి నిరర్థకములు కావు. వల్లా యీ విషయమున పరిభాషకును అపశబ్దమునకును గల భేదమును తగినంతగా బాటింపలేదని నా యభిప్రాయము.

వల్లా బలమంతయు గ్రీకుమూలముతో వుల్గేటును పోల్చి వ్రాసిన టిప్పణులయందు గలదు. వాని వ్రాతప్రతి యొకటి 1504లో లూవేను సమీపపు మఠమున ఎరాస్మసునకు దొరకెను. అతడు దానిని మఱుసటియేట ప్యారిసునందు ముద్రింపించి, 1516లో తానే గ్రీకు క్రొత్త నిబంధనమును స్వకీయమైన లాటిను పాఠముతోను టిప్పణులతోను బ్రకటించెను. అందలి వివాదపదములలో నెల్ల ముఖ్యమైనది 'మెతానొయా'.

సువార్తలో యోహానును, పిదప యేసును ప్రజలకు జేసిన మొదటి బోధ యీ పదముమీదనే యున్నది. 'మెతా' యనగా పిదప, మార్పు. 'నూసు' అనగా మనస్సు. వుల్గేటున దీనికి 'పోయెనితెంతియాము ఆగితే' యని యున్నది. 'పోయెనితెంతియా' యనగా పశ్చాత్తాపము, 'ఆగితే' యనగా చేయుడు. కాలక్రమమున నా మాటకు సంఘము విధించు ప్రాయశ్చిత్తమును జేయుడను నర్థము స్థిరపడెను. 1215లో నాలుగవ లాటరను సభ ప్రతి క్రైస్తవుడును ఏటేట గురువునొద్ద పాపములను జెప్పుకొనవలెనని విధించెను. అది మొదలు ఈ వాక్యమునకు సంస్కారపరమైన యర్థమే లోకమున బ్రబలెను. వల్లా దీనిని ఆక్షేపించెను. ఎరాస్మసు, ఇచట జెప్పబడినది శిక్ష ననుభవించుట కాదు, మతి తిరిగి వచ్చుట యని వివరించి, 'రెసిపిస్కెరె' యను ధాతువును సూచించెను. 1517లో లూథరు ప్రకటించిన 95 ప్రతిజ్ఞలలో మొదటిది ఈ వాక్యమును గూర్చినదే. గ్రీకుపదార్థము తెలిసిన పిదప తన చిత్తము నెమ్మదించిన రీతిని అతడు 1518లో తన గురువగు స్టౌపిట్సునకు వ్రాసెను.

ఇక తెలుగునకు వత్తము. మన భాషలో నీ యర్థమునకు మూడు పదములు గలవు. ప్రాయశ్చిత్తము, పశ్చాత్తాపము, మారుమనస్సు. మొదటిది పారస్కరప్రభృతిగణమున సుడాగమముచే సాధింపబడు శబ్దము; అది కర్మప్రధానము. మధ్యయుగ వ్యవహారమునకు సరియైన ప్రతిపదము. రెండవది పిదప గలుగు తాపము. ఇది లాటిను ధాతువునకు సహజార్థము. 'మెతా' యందలి పిదప యను నర్థము 'పశ్చాత్' అనుటచే దొరకినను, మనస్సు పోయి తాపము మిగిలినది. మూడవది తెలుగు బైబిలునందు రూఢమైనది.

చేవెళ్ళ మొయినాబాదు ప్రాంతముల పాఠశాలలలో సమాసప్రకరణము చెప్పునపుడు క్రైస్తవకుటుంబముల బాలురు ఈ పదమునకు విగ్రహవాక్యము నడుగుట గలదు. ఉపాధ్యాయులు కొందఱు 'మారు' అనుదానిని ధాతువుగా గ్రహించి 'మారునట్టి మనస్సు' అని చెప్పుచున్నారు. ఇది యసంగతము. పాఱునీరు వలె 'మారునట్టి మనస్సు' అనినచో నిలుకడలేని మనస్సని యర్థమగును. బోధకుడు కోరినదానికి సరిగా విరుద్ధము. మాఱుపేరు, మాఱుతల్లి, మాఱువేషము అనుచోటులందువలె నిది నామము. మఱియొక మనస్సు, మునుపటిదానికి బదులుగా వచ్చిన మనస్సు అని చెప్పవలయును. శకటరేఫముతో వ్రాయవలసినదానిని సాధురేఫముతో నచ్చువేయుట వాడుకయైనది. దానికి నేనిప్పుడు కలహింపను. దేశ్యతత్సమముల ఈ మిశ్రసమాసము గ్రీకుపదమునకు అవయవశః సరిపోవుచున్నది. ఎరాస్మసు లాటినులో వెదకి ఏకపదముగా బొందలేని సౌలభ్యము తెలుగునకు దొరకెను.

అట్లని మధ్యయుగాచార్యులు మనస్సును మఱచిరనుట యన్యాయము. వారు ప్రాయశ్చిత్తసంస్కారమును మూడంగములుగా జెప్పిరి: హృదయమున దుఃఖము, నోట నంగీకారము, పనిచే పరిహారము. ఇది మన త్రికరణములే. అందును మొదటిది హృదయమే. పదమునకు వైయాకరణుడు చెప్పిన యర్థము సాధువు. ఆ యర్థము వేదాంతికి దెలియదనుట మాత్రము సాధువు కాదు.

యోహాను సువార్త మొదటి వాక్యమునందలి 'లోగోసు' విషయమున గలహ మింకను హాస్యాస్పదముగా నడచెను. వుల్గేటున 'వెర్బుము' అని యున్నది. 1516లో దానినే యుంచిన ఎరాస్మసు 1519లో 'సెర్మో' అని మార్చెను. వెర్బుము ఒంటిమాట; సెర్మో పరస్పరాన్వితమైన పలుకు. తెర్తూలియను, సిప్రియను వంటి ప్రాచీనులును సెర్మో యనిరని అతడు చూపెను. అయినను ఉపదేశకులు వేదికలనుండి మొఱపెట్టిరి. 1520లో అతడు సమర్థనగ్రంథము వ్రాయవలసి వచ్చెను. పదమా వాక్యమా ముఖ్యమను వివాదమును భర్తృహరి వాక్యపదీయమున ద్వితీయకాండమంతయు విచారించి, వాక్యమే యఖండమని స్థాపించెను. తెలుగు బైబిలునందు 'పదము' అనక 'వాక్యము' అని యుండుట గమనింపదగినది. 1732 నాటికే షుల్జు బైబిలును తెలుగున ననువదించెను, అది యచ్చుపడలేదు. 19వ శతాబ్దారంభమున విశాఖపట్టణమందలి క్రాను, డెగ్రాంజి దొరలకు ఆనందరాయరు తోడ్పడెను. ఇట్టి పనియందు దేశభాషాపండితుని చేయి యున్నచోట మన శబ్దశాస్త్రసంస్కారము కొంత ప్రవేశింపక మానదు.

మూడవ పదము 'మిస్తేరియోను'. పౌలు ఎఫెసీయులకు వ్రాసిన లేఖయందు దాంపత్యమును జెప్పుచు ఈ పదమును వాడెను. వుల్గేటున 'సక్రమెంతుము' అని యున్నది. సప్తసంస్కారములలో వివాహ మొకటి యనుటకు దీనిని ప్రమాణముగా జూపిరి. గ్రీకున మర్మమని మాత్రమే యున్నదనియు, ఈ వాక్యమునుండి సంస్కారత్వము సిద్ధింపదనియు ఎరాస్మసు వ్రాసి, తన పాఠమున 'మిస్తేరియుము' అని మార్చెను. చిత్ర మేమనగా, తోమా 'సుమ్మా'కు మహావ్యాఖ్య వ్రాసినట్టియు, 1518లో లూథరును విచారించినట్టియు కార్డినలు కయెటాను గూడ, పౌలు వాక్యముననుండి యిది లభింపదని యొప్పుకొనెను. అతడు వివాహమును సంస్కారము కాదనలేదు. ఈ వాక్యము దానికి ప్రమాణము కాదనెను. ప్రమేయమును విడువక దుర్బలప్రమాణమును విడుచుట ఉత్తమవ్యాఖ్యాతృలక్షణము. ఈ వివాదమంతటిలో నాకు మిక్కిలి నచ్చినవాడు కయెటానే.

1546లో ట్రెంటు సభ బహిరంగపఠన, వాద, ఉపదేశములయందు వుల్గేటునే ప్రామాణికముగా గ్రహింపవలెనని శాసించెను. శాసించిన పిదప శుద్ధప్రతి కావలసి వచ్చెను. 1590లో సిక్స్టసు 5వ పోపు ప్రకటించిన ప్రతిని ఉపసంహరించి, 1592లో క్లెమెంటు 8వ పోపు కాలమున మఱియొక ప్రతిని వెలువరించిరి. 1979లో మూలభాషల ననుసరించి సంస్కరించిన నూతన వుల్గేటు ప్రకటితమయ్యెను. అందు యోహాను సువార్త మొదట 'వెర్బుము' అనియే యున్నది; 'పోయెనితెంతియాము ఆగితే' యను మాటయు వర్ణక్రమమున నల్పభేదముతో నట్లే నిలిచినది. ఎఫెసీయుల లేఖయందు మాత్రము 'సక్రమెంతుము' తీసివేయబడి 'మిస్తేరియుము' అని యున్నది.