అమ్మానాన్నలు వచ్చారా? జెర్సీ సిటీలో నడిపించండి

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే మనవాళ్లు వేసే ప్లాను దాదాపు ఒకటే. శనివారం టైమ్స్ స్క్వేర్, ఆదివారం గుడి, ఆ పై లాంగ్ వీకెండ్‌కి నయాగరా. మిగతా రోజుల్లో వాళ్లు టీవీ ముందు, మనం లాప్‌టాప్ ముందు. కారు తీయనిదే పాలు కూడా దొరకని పేటల్లో ఉండేవారికి వేరే దారి లేదు. జెర్సీ సిటీలో ఉంటున్న మనకు మాత్రం ఆ సాకు చెల్లదు. పెద్దవాళ్లు ఎవరినీ అడక్కుండా తమంతట తాము తిరిగి రాగల ఊళ్లు అమెరికాలో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

జెర్సీ సిటీ రాజధాని కాదు. న్యూజెర్సీకి రాజధాని ట్రెంటన్. ఇది హడ్సన్ కౌంటీకి కేంద్రం మాత్రమే. 2020 జనగణన ప్రకారం జనాభా 2,92,449. నేల చూస్తే పదిహేను చదరపు మైళ్ల లోపే. అందుకే అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి.

మొదటిరోజు నది ఒడ్డు చాలు. న్యూపోర్ట్ నుంచి ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ దాకా హడ్సన్ పక్కనే నడకదారి ఉంది. మెల్లగా నడిచినా అరగంట. ఎదురుగా మన్‌హాటన్ భవనాలన్నీ వరసగా కనిపిస్తాయి. మన్‌హాటన్‌ను మన్‌హాటన్‌లో నిలబడి చూడలేం, ఇక్కడి నుంచే చూడాలి. ఇంకొంచెం దక్షిణానికి వెళ్తే కోల్గేట్ గడియారం. 1924 నాటిది, యాభై అడుగుల వెడల్పు. అది చూసేది నదివైపు. దాని వెనకున్న ఫ్యాక్టరీ ఎప్పుడో పోయింది, గడియారం మిగిలింది. మా నాన్నగారికి ఇదే గుర్తు. రెండో వారం నుంచి ‘గడియారం దాకా వెళ్లొస్తా’ అని ఒక్కరే బయల్దేరేవారు. జేబులో మా ఇంటి చిరునామా కాగితం ఉండేది. దాన్ని తీయాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

రెండో రోజుకు పూర్తిగా లిబర్టీ స్టేట్ పార్కు కేటాయించండి. 1976లో తెరిచారు, 1,200 ఎకరాలు దాటిన పార్కు. లైట్ రైల్‌లో వెళ్లేవారికి రెండు మాటలు. టికెట్ కొంటే సరిపోదు, ప్లాట్‌ఫాం మీదున్న చిన్న మెషీన్‌లో దానిపై ముద్ర వేయించుకోవాలి. లేకపోతే తనిఖీలో జరిమానా. ఇక స్టేషన్ పేరు లిబర్టీ స్టేట్ పార్కే గానీ, దిగాక పడవల రేవు మైలు పైనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే ఆ ఒక్క ముక్కకీ కారు పెట్టుకోండి. పిల్లలుంటే లిబర్టీ సైన్స్ సెంటర్ స్టేషన్ పక్కనే.

రేవు దగ్గర 1889లో కట్టిన పాత రైల్వే టెర్మినల్ ఉంది. దాన్ని చూడకుండా పడవెక్కకండి. 1892 నుంచి 1954 వరకు ఎల్లిస్ ద్వీపం మీదుగా కోటీ ఇరవై లక్షల మంది వలస వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది రైలెక్కి దేశంలోకి వెళ్లింది ఇక్కడి నుంచే. వెనక రైళ్ల షెడ్లు తుప్పుపట్టి, పట్టాల మధ్య మొక్కలు మొలిచి అలాగే ఉన్నాయి. అమ్మ చాలాసేపు చూసి, ‘ఎవరూ లేకుండానే వచ్చారా వీళ్లంతా?’ అంది. నేను 2 సూట్‌కేసులతో దిగిన రోజు తనకు గుర్తొచ్చి ఉంటుంది.

ఆ పక్కనే ‘ఎంప్టీ స్కై’. సెప్టెంబరు 11 దాడుల్లో పోయిన న్యూజెర్సీవాళ్ల 749 పేర్లు చెక్కిన రెండు ఉక్కు గోడలు. వాటి మధ్య నిలబడితే జంట టవర్లుండిన చోటే కనిపిస్తుంది. అక్కడ సెల్ఫీలు వద్దని పిల్లలకు ముందే చెప్పండి.

లిబర్టీ విగ్రహానికి పడవ న్యూయార్క్ వైపు నుంచే అనుకుంటారు చాలామంది. ఇక్కడి నుంచీ ఉంది, క్యూ సాధారణంగా చిన్నది. ఒకే టికెట్టుతో రెండు ద్వీపాలూ చూడొచ్చు. కిరీటం దాకా ఎక్కాలంటే చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. కాగడా దగ్గరికి మాత్రం ఎవరినీ పంపరు. 1916 జులై 30న ఇప్పటి ఈ పార్కు భాగమైన బ్లాక్ టామ్‌లో జర్మన్ ఏజెంట్లు ఆయుధ నిల్వలు పేల్చేశారు. ఆ దెబ్బకి విగ్రహం దెబ్బతింది, కాగడా అప్పటి నుంచి మూతే.

న్యూయార్క్ వెళ్లాలంటే పాత్ రైలు ఉండనే ఉంది. నది కింది నుంచి 1908 నుంచీ నడుస్తోంది, రాత్రి పగలు ఉంటుంది. వరల్డ్ ట్రేడ్ సెంటర్, 33వ వీధి స్టేషన్లలో లిఫ్టులున్నాయి. మధ్యలోని చిన్న స్టేషన్లలో మెట్లే. పెద్దవాళ్లతో అక్కడ దిగకండి. వారాంతాల్లో దారులు మారుతుంటాయి, బోర్డు చూసి ఎక్కండి.

ఇక ఇండియా స్క్వేర్. జర్నల్ స్క్వేర్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. న్యూవార్క్ అవెన్యూ మీద చీరల కొట్లు, మిఠాయి కొట్లు, కూరగాయలు, గుడి, అన్నీ ఒక్క వీధిలోనే. గుజరాతీల హడావుడి ఎక్కువ, అయినా దోసెకూ సాంబారుకూ లోటు లేదు. ఇది కొనుగోళ్ల వీధి మాత్రమే అనుకుని వచ్చేయకండి. 1987లో ఇదే ఊళ్లో ‘డాట్‌బస్టర్స్’ అని ఒక ముఠా బయల్దేరింది. పేరు మన ఆడవాళ్ల బొట్టును చూసి పెట్టుకున్నదే. భారతీయులను ఊరి నుంచి వెళ్లగొడతామని స్థానిక పత్రికకు ఉత్తరం రాశారు. ఆ ఏడాదే పక్కనున్న హోబోకెన్‌లో ఒక భారతీయుడు దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో చీర కట్టి బొట్టు పెట్టుకుని బజారుకు రావడానికి ధైర్యం కావాల్సి వచ్చింది. భయపడ్డవాళ్లు చాలామంది ఇక్కడే ఉండిపోయారు, కొట్లు పెట్టుకున్నారు.

ఇదంతా చెబితే అమ్మ ఏమీ మాట్లాడలేదు. మూలనున్న కొట్లోకి వెళ్లి రెండు బొట్టుబిళ్లల ప్యాకెట్లు కొంది. ఇంట్లో అప్పటికే నాలుగున్నాయి.